మూత వెనక స్క్రూలు

మొన్న కోటబొమ్మాళిలో ఒక పాత స్నానాలగది బాగుచెయ్యడానికి వెళ్ళాను. తెల్ల టైల్స్ మీద, టవల్ కడ్డీ కింద నుంచి తుప్పునీరు ఎర్రగా చారలు కట్టింది. వేలితో రుద్దితే ఆ వాసన ముక్కుకెక్కింది. ఇంటాయన ఏదో అడుగుతున్నాడు, నాకు వినబడలేదు. అప్పన్న మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయన గుర్తొస్తే నాకు ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు.

అప్పన్నది భావనపాడు. పడవల వాళ్ళింట పుట్టి, టెక్కలి వచ్చి టైల్స్ మేస్త్రి అయ్యాడు. రెండువేల సంవత్సరం దాటాక మా చుట్టుపక్కల టైల్స్ మోజు మొదలైంది. పెళ్ళయ్యాక కూడా పనీపాటా లేక తిరుగుతున్న నన్ను పక్కన పెట్టుకుని పని నేర్పాడు. టైల్స్ ఎవడైనా అంటిస్తాడు, ఆఖరి పనిలోనే మనిషి బయటపడతాడనేవాడు. సందుల్లో వైట్ సిమెంటు నింపి తుడిచి, అద్దం, కడ్డీ బిగించేదాకా మాట్లాడేవాడు కాదు. సముద్రం వైపు ఇళ్ళకైతే ఇత్తడి స్క్రూలే వాడాలి. "ఉప్పుగాలికి ఇనుము ఆగదురా. మా పడవ మేకులు సూడనేదా?" అనేవాడు. కడ్డీ బిగించాక రెండు కాళ్ళూ ఎత్తి దానికి వేలాడేవాడు. ఆ బొజ్జతో ఆయన వేలాడుతుంటే ఇంటివాళ్ళు పడీపడీ నవ్వేవారు.

బారువలో రూతమ్మ టీచరని, రిటైరై ఒంటరిగా ఉండే ఆవిడ. మోకాళ్ళ నొప్పులు. స్నానాలగదిలో పట్టుకుని లేవడానికి గోడకు హ్యాండిల్ కావాలంది. ఆ రోజు నేను ఇత్తడి స్క్రూలు టెక్కలిలో మరిచిపోయాను. చెబితే మర్నాడు మళ్ళీ రావాలి. నాకేమో ఆ మర్నాడే పలాసలో బావమరిదితో సినిమా. సంచిలో ఉన్న ఇనుప స్క్రూలే బిగించి, అవి కనబడకుండా పైన మెరిసే మూతలు నొక్కేశాను.

"ఇత్తడియేనేటి?" అన్నాడు మేస్త్రి.

"ఇత్తడియే మావా."

ఆయన వేలాడి చూశాడు. కొత్త ఇనుము కదా, ఎందుకూడుతుంది?

రెండు వర్షాకాలాలు గడిచాక ఊడింది. టీచరు పడి చెయ్యి విరిగింది. కబురందగానే ఇద్దరం వెళ్ళాం. "నువ్వు వేలాడి చూపించావు కదా అప్పన్నా, ఆ ధైర్యంతోనే పట్టుకున్నాను" అందావిడ, కట్టుకట్టిన చేత్తో. మేస్త్రి తుప్పు తినేసిన స్క్రూను అరచేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నానే బిగించీసినానమ్మా. తప్పు నాదే" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదంటే అబద్ధం, నేనే పెగల్చలేదు. పని పోతుందని భయం. దానికి పిరికితనమని తప్ప ఇంకో పేరు లేదు. తిరుగు బస్సులో "మావా..." అని మొదలుపెట్టబోయాను.

"ఊరుకోరా. మూత తీసి సూడాల్సింది నాను. నీ మాట ఇని ఊరుకున్నాను."

తిట్టలేదు, పనిలోంచి తీసెయ్యలేదు. కానీ అప్పటినుంచి నేను బిగించిన ప్రతిదాని మూతా గోటితో లేపి చూసి మళ్ళీ పెట్టేవాడు. నన్ను అడగడం మానేశాడు. "ఇత్తడియేనేటి?" అని ఇంకొక్కసారి అడుగుతాడేమోనని ఆయన పోయేదాకా ఎదురుచూశాను. అడగలేదు. టీచరుకు నిజం చెప్పాలని అనుకుంటూండగానే ఆవిడా పోయింది.

కోటబొమ్మాళిలో కొత్త కడ్డీ బిగించి, మూతలు పెట్టకుండా ఇంటాయన్ని పిలిచాను, స్క్రూలు చూడమని.

"ఎందుకు మేస్త్రీ, నువ్వు సెప్తే సాలదేటి?" అన్నాడాయన నవ్వుతూ.

"సాలదు బాబూ" అని, ఆయన వంగి చూసేదాకా మూతలు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.