మా బావ ఇనుప కాళ్ళు

మొన్న ఇక్కడి డుమస్ బీచ్‌లో, మిట్టమధ్యాహ్నం ఎండలో, మన తెలుగాయనే ఒకాయన చెప్పులు చేత్తో పట్టుకుని ఆ నల్లటి ఇసుక మీద ఠీవిగా నడుస్తున్నాడు. ఆయన పెళ్ళాం అమ్మో అబ్బో అంటూ గంతులేస్తుంటే, "నాకేం కాలుతలేదు" అని నలుగురికీ వినిపించేలా చెబుతున్నాడు. టమాటా భజియా తింటూ నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది. కాలకపోవడం గొప్పేంటయ్యా, పోయి డాక్టరుకు చూపించుకో అని అరుద్దామనుకున్నాను. ఇలాంటి గొప్పలు మా అక్క మొగుడి నోట ఏళ్ళ తరబడి విన్నదాన్ని.

మా బావ మరమగ్గాల కార్ఖానాలో మాస్టరు, అంటే మగ్గం మొరాయిస్తే బాగుచేసే మనిషి. పోగును వేళ్ళ మధ్య నలిపి అది ఎంత సన్నమో చెప్పేసేవాడు. ఆ ఒక్క విద్య చేతిలో ఉందని లోకంలో విద్యలన్నీ తనకే వచ్చనుకునేవాడు. షుగర్ అని తేలాక కూడా చాయ్‌లో చక్కెర తగ్గిస్తే అక్క మీద గిన్నె విసిరేవాడు. మొదట అరికాళ్ళు మంటలన్నాడు, చీమలు పాకుతున్నాయన్నాడు, అక్కకు నిద్ర లేకుండా చేశాడు. తర్వాత అవన్నీ వాటంతటవే పోయాయి. పోవడమేంటి నా బొంద, కాళ్ళు మొద్దుబారాయి! ఆయన మాత్రం మీసం దువ్వి, "చూసినవా మరదలా, మందు లేకుంటనే పోయింది. మాయి ఇనుప కాళ్ళు" అన్నాడు. నరాలు చచ్చుబడితే ఆరోగ్యం కుదిరిందనుకునే మనిషికి ఏం చెబుతాం?

పైగా మగ్గం ముందు చెప్పులు వేసుకోడు. వాళ్ళ నాయన ఊళ్ళో గుంటమగ్గం మీద నేసేటప్పుడు పాటించిన నియమమట. ఆ నాయన నేసింది శుభ్రంగా అలికిన ఇంట్లో. ఇక్కడ నేలంతా నూనె జిడ్డు, ఇనుప తుక్కు. అదే కార్ఖానా గోడ మీద గుట్కా ఉమ్మేటప్పుడు ఆయనకు ఏ దేవుడూ గుర్తుకు రాడు. చెప్పులు తొడుక్కోమంటే మాత్రం, "లక్ష్మి ముంగట చెప్పులేందే, కండ్లు పోతయ్" అంటాడు. అరికాలిలో ఆనెకాయ లేస్తే దారాలు కోసే బ్లేడుతోనే చెక్కేసుకునేవాడు. ఒకనాడు అక్క ఇల్లు తుడుస్తూ నేల మీద రక్తం చూసింది. ఆ మరకల వెంటే పోతే, అవి మంచం మీద కాళ్ళూపుకుంటూ టీవీ చూస్తున్న ఈ మహానుభావుడి దగ్గర ఆగాయి. ఆయనకు తెలియనే తెలియదు.

అక్క ఏడ్చి మొత్తుకుంటే ఆస్పత్రికి వచ్చాడు. డాక్టరమ్మ సన్నటి నైలాన్ పోగు తీసి, కళ్ళు మూసుకోండి, అరికాలికి తగిలినప్పుడల్లా చెప్పండి అంది. "దారం సంగతి నాకే చెప్తుందా" అని మాతో నవ్వి కళ్ళు మూశాడు. ఇక మొదలు: "హా, తగుల్తాంది. గిప్పుడు గూడ తగుల్తాంది." డాక్టరమ్మ ఆ పోగును ఎప్పుడో బల్ల మీద పెట్టేసింది. అయినా ఆయనకు తగులుతూనే ఉంది! నాకు నవ్వు తన్నుకొచ్చింది గానీ, అక్క మొహం చూసి ఆపుకున్నాను.

ఆనె చెక్కిన చోట పడ్డ పుండు మానేదాకా ఆ కాలు మోపొద్దు, లేకపోతే కాలే తీసెయ్యాల్సి వస్తుంది అని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. షుగర్ అదుపులో ఉంచాలి, ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో తిరగొద్దు, రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి, వేళ్ళ సందుల్లో తడి ఆరేలా తుడుచుకోవాలి, ఆనెలకు బ్లేడు ముట్టించొద్దు. వాచినా, రంగు మారినా, చీము పట్టినా ఆ రోజే రావాలి. అన్నిటికీ బుద్ధిమంతుడిలా తలూపాడు. వారం తిరక్కుండానే కట్టు విప్పి పారేసి కార్ఖానాకు బయల్దేరాడు, కట్టుతో కుంటితే కింది పనివాళ్ళ ముందు మాస్టరు పరువు పోతుందట. అక్క తలుపుకు అడ్డం నిలబడి, "నీ కాలు పోతే నేనేం గావాలె?" అంది. "నొస్తనే లేదు గదనే, ఊకో" అని ఆమెను పక్కకు నెట్టి వెళ్ళాడు. పుండు వాసన కొట్టినా అదే మాట, జ్వరమొచ్చినా అదే మాట. చివరికి చీలమండ దాకా తీసేశారు.

ఆయన మీద నాకు జాలి రాలేదు, ఇప్పటికీ రాదు. నా ఏడుపంతా మా అక్క గురించి. అప్పటినుంచి ఆమె ఆ మంచానికే కట్టుబడిపోయింది. ఎప్పుడు వాళ్ళింటికి వెళ్ళినా అదే గోల: "మరదలా, బొటనేలు గుంజుతాంది, పానం పోతాంది. జర ఒత్తుమను మీ అక్కను." తీసేసిన కాలు ఉన్నట్టే నొప్పి పెట్టడం కొందరికి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. అక్క లేచి వెళ్ళి మంచం చివర కూర్చుంటుంది, చెయ్యి చాపుతుంది, ఎక్కడ పెట్టాలో తెలియక దుప్పటి సర్దుతుంది. పుండు ఉన్నన్నాళ్ళూ కాలం మాకు గడువిస్తూనే ఉంది. ఇప్పుడు ఎన్నేళ్ళు గడిచినా, కాలం మాన్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.