అద్దాల మేడ ముందు కంచెమొక్కలు

ఎదురింటి కుక్క ఎన్ని పిల్లల్ని పెట్టిందో మీకు తెలుసు గానీ, మీ పెద్ద తాతయ్య ఏం పని చేసేవాడో ఒక్కరూ అడగరేం? నోళ్లు మూసుకుని వినండి.

మీ పెద్ద తాతయ్యంటే మా పెద్దక్క మొగుడు, తోటమాలి. చిన్నక్క మొగుడు మేడలకి నమూనాలు గీసేవాడు. కొత్త గ్రంథాలయం గీసింది ఆ చిన్నబావే. ముఖమంతా అద్దం. అదీ పైకి వెళ్లేకొద్దీ ముందుకు వంగి, నెత్తిన పడుతుందేమో అన్నట్టుండేది. దాని ముందు తోట పని పెద్దబావకిచ్చారు. చిన్నబావ నమూనా చుట్టి పంపిస్తే, "వాడెవడు నాకు చెప్పేది?" అని విప్పకుండా అటక మీదికి విసిరేశాడు పెద్దబావ.

తోట మాత్రం మేకులు కొట్టి, దారం లాగి, జానెడు తేడా రాకుండా వేశాడు. మధ్యలో బాట, అటెన్ని గళ్లో ఇటూ అన్నే, ప్రతి గడికీ కంచెమొక్కల అంచు. మొక్కలింకా వేలెడే, గళ్లు తేలలేదు. మేడ తెరిచిన రోజు అందరూ తలెత్తి అద్దమే చూశారు. ఒకావిడ అలా చూస్తూనే అతని బంతినారు తొక్కుకుంటూ పోయింది.

"చూశావటే, ఒక్కరైనా కిందికి చూశారా?" అన్నాడు అక్కతో.

"కాళ్ల కింద ఉన్నదాన్ని ఎవరు చూస్తారండీ?" అంది అక్క. మంటలో నూనె పోసినట్టయింది.

ఆ రోజు నుంచి గేటు పక్క వరస కత్తిరించడం మానేశాడు. మోకాలెత్తు ఉండాల్సినవి మూడేళ్లలో మనిషెత్తు దాటాయి. మేడ కనబడలేదు. తోటా కనబడలేదు! తన ముక్కు కోసుకుని ఎదుటివాడికి అపశకునం చెయ్యడమంటే అదే. మూసేశారనుకుని జనం గేటు నుంచే తిరిగిపోయారు. ఇక మొక్కలన్నీ పీకించి సిమెంటు పోయిస్తామన్నారు అధికారులు.

మర్నాడు చిన్నబావ పెద్ద కత్తెర పట్టుకొచ్చాడు.

"అద్దం ఊరికే వంచానా అన్నయ్యా? నేల మీద గీతలు ఎవరికీ కనబడవనేగా! కొయ్యి, నీకే తెలుస్తుంది."

"ముందే చెప్పి చావొచ్చుగా?"

"నమూనాలో రాశాను. విప్పావా?"

పెద్దబావ కత్తెర లాక్కున్నాడు. మోకాలి దాకా కోసి, గేటు దగ్గరికి వెళ్లి తిరిగి చూశాడు. తివాచీ దులిపి ఆరేసినట్టు, గళ్లతో సహా తోటంతా అద్దంలో నిలబడింది. వచ్చినవాళ్లంతా, "ఏం తోట, ఏం తోట!" అన్నారు. అధికారులు సిమెంటు మాట మళ్లీ ఎత్తలేదు.

సంతోషించాడా? ఇంటికొచ్చి దానికీ ఏడ్చాడు. "చూశావటే, నా తోటని కూడా వాడి అద్దంలోనే చూస్తున్నారు!"

అయినా చివరిదాకా ప్రతి వారం మోకాలికి కొలిచి మరీ, ఇంకెవరినీ కత్తెర పట్టనివ్వకుండా, తనే కోశాడు.

డెబ్బై నాలుగేళ్లకి పోయాడు.