తమ్ముడి బండిని ఆపిన లెక్క

నా ఉద్యోగం గురించి సుల్తానాబాద్‌లోని మా వాళ్లకు తెలిసింది ఒక్కటే: "మిలిట్రీకి లెక్కలు చేస్తది." అది నిజమే. మంచుకొండల మీది శిబిరాలకు సరుకు మోసే లారీల వరుసను ఎప్పుడు కదిలించాలి, ఎప్పుడు ఆపాలి అన్నది గణిత నమూనాతో తేల్చి అధికారులకు సలహా ఇస్తాం. వాతావరణం, రోడ్డు వాలు, చరియలు విరిగిపడే చోట్లు, బండ్ల బరువు అన్నీ అందులోకి వెళ్తాయి. ఎవరి తమ్ముడు ఏ బండి నడుపుతున్నాడో వెళ్లదు.

నా తమ్ముడు అలాంటి బండికే డ్రైవరు. బిడ్డ పుట్టిందని సెలవిచ్చారు గానీ, వరుస కిందికి దిగితేనే అతనూ దిగాలి. ఇరవై ఒకటో రోజున తొట్టెల పెట్టుకున్నాం. మేనత్తను కాబట్టి పాపను తొట్టెలో వేసి చెవిలో పేరు చెప్పాల్సింది నేనే. నేను ఇంటికి బయల్దేరే ముందురోజు మంచు ముంచుకొచ్చే ప్రమాదం ఉందని నమూనా 'ఆపండి' అంది. సంతకం పెట్టి వచ్చాను.

బండ్లు ఆపేశారని తమ్ముడు ఫోన్ చేయగానే అమ్మ నా మొహం చూసి కనిపెట్టేసింది. మా ఇంట్లో ఒక అయ్యగారి ముహూర్తం కుదరకపోతే ఇంకో అయ్యగారిని అడగడం అలవాటు. ఇదీ అంతే అనుకుంది.

"ఇంకొకల్లతోని చేపియ్యరాదు బిడ్డా? జర అటిటు జరుపుతే ఏం బోతది?"

"గది ముహూర్తం గాదవ్వా. జరుపుతే బండ్లు లోయల వడ్తయి."

అమ్మ విసురుగా లేచి వంటింట్లోకి పోయింది.

తొట్టెల నాడు తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. "అక్కా, ఆపిన లెక్క నీదేనా?"

అది ఫోన్లో చెప్పకూడదు. "పిల్లను తొట్టెల ఏస్తున్నం," అన్నాను.

"నీదైతే మంచిదే తీ. పిల్లకు పేరు మంచిగ జెప్పు," అన్నాడు. రెండోసారికి గానీ పాప చెవిలో పేరు పలకలేకపోయాను.

తీరా ఆ వారం అక్కడ మంచు పడనే లేదు. టీవీలో చూసి ఇంట్లో అందరూ నావైపు తిరిగారు. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. పడకపోవచ్చన్నది కూడా లెక్కలో ఉంది. దాన్ని నమ్మి అన్ని బండ్లను వదలలేం. మళ్ళీ అదే లెక్క వస్తే అదే సంతకం పెడతాను.

చివరికి తమ్ముడు వచ్చాడు. ఎత్తుకుని ముద్దు పెట్టుకోగానే మీసం గుచ్చుకుని పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"కన్నతండ్రి చెయ్యి ఎరుకలేకపాయె పిల్లకు. నీ లెక్కల గిది రాలేదా?" అని అమ్మ నా మీద విరుచుకుపడింది.

తమ్ముడు పాపను దించలేదు. "ఏడ్వనియ్యవ్వా. గీ ఏడుపు ఇనెటందుకు నేనైతే ఉన్న గద."