మైకు ఎర్రన్నకు దొరికిన పది నిమిషాలు

బోధన్ చుట్టుపక్కల ఎర్రన్న గొంతు వినని చెవి లేదు. సినిమా మారినా, ఎరువుల దుకాణం తెరిచినా, ఎవరి ఎడ్లు తప్పిపోయినా రిక్షాకు మైకు కట్టుకుని అటు వర్ని దాకా, ఇటు మోస్రా దాకా ఊరూరా చెప్పి వచ్చేవాడు. ఎన్నికలొస్తే అన్ని పార్టీలకూ అతనే కావాలి. ఏం గొంతండీ అది! అయితే ఆ గొంతు పలికినవన్నీ పరుల మాటలే. తనదంటూ చెప్పాల్సిన మాట ఒకే ఒకటి ఉంది. దాన్ని ఎవరికి చెప్పాలో తెలియక ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని తిరిగాడు.

అది అతని భార్య నాగవ్వ సంగతి. రెండో కాన్పు నొప్పులొస్తే పట్టపగలు ఆటోలో వేసుకుని బోధన్ దవాఖానకు బయలుదేరాడు. చెరకు మిల్లు నడిచే రోజులు. కాలువ వంతెన దగ్గరికొచ్చేసరికి రోడ్డు నిండా మిల్లులో వంతు కోసం నిలిచిన చెరకు బండ్లు. ఎడమ పక్క ఒక వరుస, కుడి పక్క ఒక వరుస, నడుమ దూరినవి మరికొన్ని. ఎడ్లను విప్పేసి బండ్లవాళ్లు రొట్టెలు కాల్చుకుంటున్నారు.

"జరుపుండ్రి నాయినా, ఆడమనిషి పాణం పోతుంది!" అని ఎర్రన్న బండి బండికీ ఉరికాడు.

అందరూ అయ్యో అన్నవాళ్లే. కానీ "జరిగితే నా వరుస పోతది గదనే" అన్నాడొకడు. "ఎన్కకు జాగ ఏడున్నదే అన్నా" అన్నాడింకొకడు. ఎవరిదీ చెడ్డ మనసు కాదు, అదే దరిద్రం. ఎడ్లు కట్టి దారి ఇచ్చేసరికి ఆటోలో నాగవ్వ చేయి చల్లబడింది. కడుపులో బిడ్డా దక్కలేదు. కూతురు దేవవ్వ, అప్పటికి పసిది, "అవ్వా, అవ్వా" అని పిలుస్తూ తల్లి తల ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఊళ్లకు ఊళ్లు వినే గొంతు ఆ రోజు ఇంట్లో మనిషికి పనికిరాలేదు.

ఆ తరువాత ఎర్రన్న మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. రిక్షా తొక్కాడు, మైకులో అరిచాడు, కూతుర్ని పెంచాడు, కుట్టుపని నేర్పించాడు. పెద్దపెద్ద సభల్లో వ్యాఖ్యానానికీ పిలిచేవారు. ఒకసారి అలాంటి సభలో ఒక నాయకుడి పేరు చెప్పడం మరిచాడు. ఆయన మనుషులు వచ్చి నలుగురిలో చెంప పగలగొట్టి, మైకు కాలువలో పారేశారు. చాలా రోజులు పని లేదు. అప్పటి నుంచి పేర్లంటే అతనికి భయం పట్టుకుంది. వేదిక మీద ఎవరు కనబడినా, ఒక్కరూ తప్పిపోకుండా పేరుపేరునా మొక్కాల్సిందే.

తొంభై ఎనిమిదిలో నిజామాబాద్‌లో ఒక సదస్సు పెట్టారు. కొత్త ఆలోచనల సదస్సట. దాని ప్రచారం ఎర్రన్నకే వచ్చింది. "జిల్లా బాగు కోసం మీ దగ్గర ఆలోచన ఉందా? సామాన్యులకూ వేదిక మీద పది నిమిషాలు!" అని బోధన్ బస్టాండు ముందు చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. ఉన్నది గదా! మైకు ఆపేసి, రిక్షా అక్కడే వదిలేసి, నిజామాబాద్ బస్సెక్కాడు.

సదస్సు నడిపేది ఆత్మారాం, కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. మొదట "డాక్టర్లు, ఇంజనీర్లతోనే నిండిపోయిందయ్యా" అని తిప్పి పంపాడు. ఎర్రన్న మళ్లీ పోయాడు. ఇంకోసారి పోయాడు. చెప్పులరిగేలా తిరిగాక విసుగొచ్చి, "సరే, నీ ఆలోచనేందో సెప్పు, విందాం" అని వరండాలో కూర్చోబెట్టాడు.

"నాగవ్వ నా భార్య సారూ. చెరకు బండ్ల నడుమ సచ్చిపోయింది" అని మొదలుపెట్టాడు ఎర్రన్న. "మిల్లు నడిచినన్ని దినాలు బండ్లన్ని ఎడమ దిక్కే నిలవాలె. వంతెన మీద ఒక్క బండి ఆగొద్దు. ఎవలన్న జరిగి దారిచ్చిండ్రంటే ఆళ్ల వరుస పోవద్దు. గంతే సారూ. గింతే చాలు."

ఆత్మారాం చేతిలో చాయ్ చల్లారిపోయింది. "గిదే సెప్పు ఎర్రన్నా. గిట్లనే సెప్పు. పెద్ద అధికారులొస్తరు, మిల్లు దిక్కెల్లి వస్తరు. ఆళ్లు ఒక్కసారి వింటే పనైపోతది" అన్నాడు.

జనవరిలో సదస్సు. దేవవ్వ తండ్రికి తెల్ల చొక్కా కుట్టింది, తనూ వెంట వచ్చి ముందు వరుసలో కూర్చుంది. అధికారి ఉన్నాడు, మిల్లాయనా ఉన్నాడు. వినాల్సినవాళ్లంతా వేదిక మీదే ఉన్నారు. ఎర్రన్న మైకు ముందుకొచ్చి వెనక్కి తిరిగి వేదిక చూశాడు. ఎన్ని కుర్చీలు, ఎంతమంది పెద్దలు! చెంప మీద పాత దెబ్బ చురుక్కుమన్నట్టయింది.

"సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దలు..." అని ఎత్తుకున్నాడు. గొంతు ఖంగుమంది. అధ్యక్షుడి పేరు, బిరుదు, ఆయన చేసిన సేవ. తరువాత అధికారి. తరువాత మిల్లాయన. వేదిక మీది పెద్దలందరికీ అని ఒక్క దండం పెడితే పోయేదానికి! ముందున్న ఆత్మారాం ఇక చాలు, సంగతికి రా అన్నట్టు చేయి ఊపుతూనే ఉన్నాడు, చూస్తేనా? వరుస అయిపోవచ్చిందనగా ఒక మాజీ నాయకుడు అనుచరులతో వచ్చాడు. కుర్చీలు వేశారు. ఎర్రన్న మళ్లీ మొదటికొచ్చాడు. ఆయన కూర్చున్నాడో లేదో బ్యాంకు చైర్మన్ గారు. అంతలో ఇంకొకరు. వచ్చిన ప్రతివాడికీ దండం, బిరుదు, పొగడ్త. జనం చప్పట్లు కొడుతున్నారు. దేవవ్వ ఒళ్లో చేతులు నలుపుకుంటూ కూర్చుంది.

"ఇగ నేను సెప్పవచ్చిన ముచ్చట..." అన్నాడు చివరికి. పది నిమిషాలైపోయాయని గంట మోగింది.

"ఒక్క మాట సారూ..." అన్నాడు. అప్పటికే వలంటీరు భుజం పట్టుకున్నాడు. అధ్యక్షుడు లేచి శాలువా కప్పి, "ఏం గొంతయ్యా! వచ్చే ఏడు వ్యాఖ్యానం మొత్తం నువ్వే చెయ్యాలె" అన్నాడు. ఆత్మారాం తల పట్టుకుని పక్కకు తిరిగాడు. తరువాతి వక్త పేరు పిలిచారు.

తండ్రీ కూతుళ్లు బస్సెక్కారు. బోధన్‌లో దిగి తమ ఊరి మీదుగా పోయే వర్ని బస్సు మారారు. ఎర్రన్న శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ ఒక్క సభలో చెంప పగిలినా సరే, మైకు పోయినా సరే, ముందు చెప్పాల్సింది చెప్పి ఉంటే! కాలువ వంతెన దగ్గర బస్సు ఆగింది. ముందంతా చెరకు బండ్లు, ఎడమా కుడీ నడుమా.

దేవవ్వ కిటికీలోంచి ఆ బండ్లను చూసింది. తండ్రి వైపు తిరిగినప్పుడు ఆమె ముఖంలో కోపం కూడా లేదు.

"బాపూ, గంతమంది పేర్లు సెప్పినవు గదా. అవ్వ పేరు ఒక్కటి సెప్పకపోతివి."

ఎర్రన్న కిటికీలోంచి కిందికి చూశాడు. కింద ఒకడు ఎడ్లను విప్పి చెరకు ఆకు వేస్తున్నాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.