మా నల్లకోడి, మా అవ్వ తిట్లు

మా అవ్వలాగా తిట్టగలిగిన మనిషి మా వాడలో ఇంకొకరు లేరు. ఈ మాట నేను గొప్పగానే చెబుతున్నాను. మేము అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. లక్సెట్టిపేటకు నడిచిపోయేంత దూరంలో మా ఊరు. అప్పటికింకా మాది హైదరాబాదు రాష్ట్రమే. కోడి పోయిందని ఠాణాకు పోయేవాళ్లు ఎవరూ ఉండేవాళ్లు కాదు. కోడి పోగొట్టుకున్న ఆడమనిషి వీధిలో నిలబడి, ఎవరి పేరూ ఎత్తకుండా, దోసిళ్లతో మన్ను ఎత్తిపోస్తూ తిట్టాలి. దొంగ వింటాడు, ఊరి దేవత పోచమ్మ వింటుంది, మిగతా సంగతి వాళ్లిద్దరూ చూసుకుంటారు.

ఆ రోజు పోయింది మా నల్లకోడి. రాత్రంతా పెరట్లో గంప కింద ఉండాల్సింది. తెల్లారి చూస్తే గంప వెల్లకిలా పడి ఉంది, కోడి లేదు. పక్కింటి అత్తవాళ్లకు ముందురోజే అల్లుడు వచ్చాడు. పొద్దున్నే వాళ్లింట్లో మసాలా నూరుతున్న చప్పుడు. అవ్వకు ఇంకేం సాక్ష్యం కావాలి? కొంగు నడుముకు చుట్టి వీధిలోకి దిగింది.

“నా కోడిని కోసుకతిన్నోళ్ల నోట్లె మన్నువడ! పన్నెండు పిల్లల తల్లి అది! ఎవల చేతుల వోయిందో ఆ చెయ్యి ఏడొద్దులల్ల పడిపోను! సూడు పోచమ్మ తల్లీ!”

అంటూ మన్ను తీసి అత్త వాకిట్లోకి విసిరింది. అత్త తలుపూ తీయలేదు, మసాలా నూరడమూ ఆపలేదు.

గోడచాటున వింటున్న నేను మాత్రం ఇంకా కిందికి ఒదిగాను. రోజూ గంప మీద రాయి పెట్టడం నా పని. ముందురోజు సాయంత్రం ఆ రాయితోనే పచ్చీసు ఆటకని చింతగింజలు పగలగొట్టి, ఆటలో పడి దాన్ని అక్కడే వదిలేశాను. ఈ సంగతి నాకూ పోచమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. పోచమ్మకు తెలియడమే కదా అసలు తంటా!

కుడిచేతి వేళ్లు ఆడించి చూసుకున్నాను. ఆడాయి. కాసేపటికి చిటికెనవేలు సరిగా ఆడడం లేదనిపించింది. భయంతో ఆ చేతిని చంకలో బిగించి కూర్చున్నాను. మధ్యాహ్నానికి నిజంగానే తిమ్మిరెక్కింది. అవ్వ ఏడు రోజులంది గానీ, నా చెయ్యి ఒక్కపూటకే పోతున్నదని నాకు ఖాయమైపోయింది.

“ఏమైందే, జొన్నగట్క తింటలేవు?” అంది అవ్వ.

“చెయ్యి పడిపోతున్నదవ్వా! నిన్న రాయి నేనే పెట్టలే,” అని బావురుమన్నాను.

అవ్వ కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. పొద్దుటి తన తిట్టు గుర్తొచ్చినట్టుంది. నన్ను ఒళ్లోకి లాక్కుని నా వేళ్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసి, అదే చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిపించింది.

రెండో విడత మొదలవుతుందనుకుని జనం అరుగుల మీదికి చేరారు. ఈసారి అత్త కూడా కొంగు బిగించి బయటికొచ్చింది.

“పోచమ్మ తల్లీ!” పొద్దుటి గొంతే, అంతే గట్టిగా. “పొద్దుగాల నేనన్నది ఇడిసిపెట్టు. గంప మీద రాయి వెట్టంది నా బిడ్డనే. తిట్టిన నోరు నాది, ఏమన్న జేస్తె నన్ను జెయ్యి. పోరి జోలికి రాకు!”

వీధంతా ఘొల్లుమని నవ్వింది. అవ్వ నవ్వలేదు. చీపురు తెచ్చి, అత్త వాకిట్లో తాను పోసిన మన్నంతా తానే ఊడ్చింది. అవ్వ ఒకరి ముందు తల వంచడం నేను చూసింది అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు.

“ఊకో బిడ్డా,” అని నన్ను ఓదార్చి, అత్త అవ్వవైపు తిరిగింది. “మేం కోసింది మా ఎర్రకోడినే వదినె. ఈకలు పెంట మీదున్నయి, పోయి సూస్కో. పోరికి జర కూర పెట్టు.” గిన్నెనిండా తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. నేను బొక్కలు కూడా నమలకుండా వదల్లేదు.

సాయంత్రం బాపుకు చేనుగట్టున నల్ల ఈకలు దొరికాయి. అడవిపిల్లి పని. దానికి కూడా నాలుగు తిట్లు పడతాయనుకున్నాను గానీ, అవ్వ నోరు విప్పలేదు.

పోచమ్మ తన రెండో మాట విన్నదో లేదో అవ్వకు నమ్మకం కుదరలేదు. ఏడు రోజుల పాటు పొద్దున్నే నన్ను లేపి, నా చేత తన వేలు గట్టిగా పట్టించుకుని చూశాకే అవ్వ వాకిలి ఊడ్చింది.