ఏ చేప నోరు ఎటు

పళ్ల ఆసుపత్రి తలుపు తోసుకుని వెళితే ఎదురుగా బల్ల, బల్ల వెనక ఆవిడ. అసలు పేరు జీతాల పట్టీలో ఎక్కడో ఉండేది. నోటికి పలికేది మాత్రం అందరికీ టోకెనమ్మే. వచ్చినవాళ్లకు నంబరు బిళ్ల ఇచ్చి కూర్చోబెట్టడం ఆవిడ పని, ఇరవై రెండేళ్లుగా. బిళ్ల ఎవరైనా ఇస్తారు, కూర్చోబెట్టడంలో ఉంది పనితనమంతా. పన్ను పీకించుకోబోయే పిరికివాణ్ణి, పీకించుకుని దూది కరుచుకుని మూలుగుతున్నవాడి పక్కన ఛస్తే కూర్చోనిచ్చేది కాదు. తన బాధ పదిమందికీ చెప్పందే ఉండలేనివాళ్లను కాస్త చెవుడున్న పెద్దవాళ్ల పక్కకు పంపేది. ఇద్దరూ సుఖంగా ఉండేవారు.

పెద్ద డాక్టరుగారు తప్పుకుని ఆయన కూతురు ఆ కుర్చీలోకి వచ్చిన ఏడాది, రోగులు కూర్చునే గదిలోకి నాలుగడుగుల గాజుతొట్టి వచ్చింది. చిన్న డాక్టరమ్మ దుకాణానికి వెళ్లి, చీర ఎంచినట్టు రంగులు చూసి చేపలు ఎంచుకొచ్చింది. వెండి రెక్కలు గాలిపటంలా చాచిన ఏంజెల్ చేపలు రెండు. పసుపు ఒంటి మీద నల్లచారల టైగర్ బార్బులు మూడు. ఒంట్లో నీలం దీపం వెలిగించుకున్నట్టుండే చిట్టి నియాన్ చేపలు పది.

"పిన్నీ, రోజూ చిటికెడు మేత వెయ్యి చాలు. ఇంకేం పని ఉండదు," అంది. చిన్నప్పుడు ఆ బల్ల కిందే ఆడుకున్న పిల్ల కాబట్టి ఆ పిలుపు. టోకెనమ్మ కూడా రోగుల ఎదుట 'మీరు' అనేది, వాళ్లు లేనప్పుడు 'నువ్వు' అనేది.

మేత వేశాక ఆవిడ చేపల్ని లెక్కపెట్టేది. ఎవరూ పెట్టమనలేదు. వచ్చినవాళ్లెందరు, లోపలికి వెళ్లినవాళ్లెందరు అని చూసీ చూసీ కళ్లకు పట్టిన అలవాటది. మూడో వారం సోమవారం పొద్దున నియాన్లు తొమ్మిదే కనిపించాయి. గురువారానికి ఎనిమిది. ఆపై సోమవారం ఏడు. చచ్చిన చేప పైకి తేలాలి కదా? ఒక్కటీ తేలలేదు. ఫిల్టరు విప్పి స్పాంజి పిండి చూసింది. బయటికి గెంతి పడ్డాయేమోనని బల్లల కింద, కుర్చీల వెనక వెతికింది. ఎవరో పారేసుకున్న దువ్వెన దొరికింది గానీ చేప దొరకలేదు.

"పోతే పోయాయిలే పిన్నీ, ఇంకో నాలుగు తెద్దాం," అంది డాక్టరమ్మ చేతితొడుగులు వేసుకుంటూ.

"తెద్దువులే. ముందు ఇవెటు పోయాయో తెలియొద్దూ?"

ఆ ప్రశ్న ఆవిడకు పంటి సందున ఇరుక్కున్న పీచులా తయారైంది. మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక కుర్చీ తొట్టి ఎదుటికి లాక్కుని, భోజనం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. రెండో రోజే దొంగ దొరికినట్టనిపించింది. చారల బార్బు ఒకటి వెనకనుంచి వచ్చి, ఏంజెల్ రెక్కను పుటుక్కున కొరికి తుర్రుమంది. దాని వెనకే రెండోది, మూడోది. పరకాయించి చూస్తే ఏంజెళ్ల రెక్కల అంచులు ఎలుక కొట్టిన గుడ్డల్లా ఉన్నాయి.

మర్నాడే ఆ మూడింటినీ నీళ్లసంచిలో వేసుకుని చేపల దుకాణానికి వెళ్లింది. సైకిళ్లు బాగుచేసే షాపు పక్కన ఇరుకు సందులో ఉండేదది. గోడ నిండా తొట్లు, మధ్యలో చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచిన చేపలాయన. ఆయన చేతులు పొడిగా ఉండగా ఎవరూ చూసి ఉండరు.

"మూడే ఉంటే అంతేనమ్మా," అన్నాడు సంచి అందుకుంటూ. "వీటిల్లో వీటికి తగాదా ఉంటుంది. ఎనిమిదో పదో ఉంటే ఒకదాన్నొకటి తరుముకుని ఊరుకుంటాయి. చాలినంతమంది లేకపోతే పక్కవాళ్ల మీద పడతాయి."

"నియాన్లను తిన్నది కూడా ఇవేగా?"

ఆయన సంచి ముడి విప్పాడు. "చూడండి," అన్నాడంతే.

చూసింది. బార్బులు పోయిన నాలుగో రోజుకు నియాన్లు ఆరయ్యాయి. టోకెనమ్మ మళ్లీ ఆ సందులోకి నడిచింది, ఈసారి ఉత్త చేతులతో.

"మీ ఏంజెల్ ఇప్పుడెంతుంది?" అని అడిగాడు చేపలాయన.

ఆవిడ అరచెయ్యి చూపించింది.

"నియాన్?"

చిటికెన వేలు చూపించి, అందులో సగానికి గీత గీసింది.

"మరి ఏంజెల్ నోరెప్పుడన్నా చూశారా?"

టోకెనమ్మ చూపిన వేలు దించేసింది. ఇరవై రెండేళ్లుగా నోళ్ల మధ్యే బతుకుతోంది. దవడ పట్టుకున్న తీరు చూసి ఏ పన్నో చెప్పేస్తుంది. చేపకూ నోరుంటుందనే సంగతి మాత్రం తట్టలేదు. మర్నాడు గంట ముందే వెళ్లి తలుపు తీసి, దీపం వేసీ వేయగానే తొట్టి దగ్గరికి ఉరికింది. నియాన్లు ఇంకా నిద్రమత్తులో ఓ మూల నిలబడి ఉన్నాయి. ఏంజెల్ వాటి దగ్గరికి మెల్లగా, ఏమీ ఎరగనట్టు వచ్చింది. ఉన్నట్టుండి దాని మూతి గరాటాలా ముందుకు సాగింది. ఓ నీలం తోక దాని పెదవుల మధ్య క్షణం సేపు ఆడి మాయమైంది.

విని డాక్టరమ్మ మొహం వేలాడేసింది. "ఏంజెళ్లని ఇచ్చెయ్యాలా? పిల్లలు వాటిని చూసే కదా పిన్నీ, ఏడవకుండా నోరు తెరుస్తున్నారు!"

"దాని తప్పేం లేదు. నోట్లో పట్టేదాన్ని తెచ్చి దాని పక్కన పెట్టింది మనం."

డాక్టరమ్మ కాసేపు గాజు మీద గోటితో కొట్టింది. "సరే. ఈసారి నువ్వే ఎంచు. రంగుల ఊసు నేనెత్తను."

ఏంజెళ్లు చేపలాయన దగ్గరున్న పెద్ద తొట్టిలోకి, తమ ఈడువాళ్ల మధ్యకు చేరాయి. టోకెనమ్మ వరసగా నాలుగు శనివారాలు ఆ దుకాణానికి వెళ్లి ఏమీ కొనకుండా తిరిగొచ్చింది. ఊరికే నోళ్లు చూసేది. కొన్నింటి పెదవి పైకి తిరిగి ఉండేది, అవి నీళ్ల మీద తేలే మేతనే అందుకునేవి. కొన్నింటికి మూతి తిన్నగా ఎదుటికి ఉండేది, అవి నడిమిలోనే తిరిగేవి. నోరు కిందికి ఉండి, మీసాలున్నవి ఇసుకను వదిలేవే కావు. నోరెటుంటే బతుకు అటేనన్నమాట! ఎవరి అంతస్తు వాళ్లదైతే తోపులాట ఎందుకుంటుందని ఆవిడ ఆలోచన.

"పదిహేనేళ్లుగా చేపలమ్ముతున్నా. నోరు తెరిపించి బేరమాడింది మీరొక్కరే," అని నవ్వాడు చేపలాయన.

ఆవిడ రెండో ప్రశ్న కూడా ఒకటి నేర్చుకుంది. గాజును అంటుకుని నాచు గీకే బుల్లి చేపను చూపించి, "ఇది పెద్దదైతే ఎంతవుతుంది?" అంది. ఆయన మోచేతి దాకా చూపించాడు. వద్దంటే వద్దంది.

చివరికి నడిమికి మరో పది నియాన్లు వచ్చాయి. రెండు వారాలాగి నేలకు కోరీలు అనే మీసాల చేపలు ఆరు. ఇంకో రెండు వారాలకు పై నీళ్లకు ఒక గౌరామి. ఎరుపు, నీలం చారలది, ముందుకు సాగిన రెండు దారాల్లాంటి రెక్కలతో తడుముకుంటూ తిరిగే మగచేప. అన్నీ ఒక్కసారే వేస్తే నీళ్లు తట్టుకోవన్నాడు చేపలాయన.

తొట్టి కుదురుకుంది. కుదురుకోనిది టోకెనమ్మ మనసు. మిగతావన్నీ గుంపులు గుంపులుగా ఉంటే గౌరామి ఒక్కటే పైన తిరుగుతోంది.

"ఒంటరిగా ఉందండీ, చూస్తుంటే ఏదోలా ఉంది," అంది ఇంట్లో భర్తతో.

"నాకైతే హాయిగా ఉన్నట్టుంది," అన్నాడాయన పత్రికలోంచి తలెత్తకుండా.

ఆవిడ వినలేదు. మర్నాడు దుకాణంలో చేపలాయన లేడు, ఆయన తమ్ముడున్నాడు. అలాంటిదే ఇంకోటి ఇమ్మంటే అచ్చం అలాంటిదే, మగదాన్నే, ఇచ్చాడు. తొట్టిలో వదిలిన గంటకే పాత గౌరామి కొత్తదాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి తరమడం మొదలెట్టింది. రెండో రోజుకు కొత్తది రంగు వెలిసిపోయి, మూలనున్న గొట్టం వెనక నక్కింది. మేతకు కూడా బయటికి రాలేదు. పళ్లు కట్టించుకోవడానికి వారంవారం వచ్చే ముసలి మాస్టారు చూసి, "పాపం, దాన్నెవరన్నా ఆదుకోండమ్మా," అన్నాడు. టోకెనమ్మకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

"తోడు కావాలని అది అడిగిందా అమ్మా?" అన్నాడు చేపలాయన, కొత్తదాన్ని వెనక్కి తీసుకుంటూ.

"అదేంటండీ! మీసాలవి ఆరన్నా లేకపోతే బెంగపడతాయన్నారు. ఇదేమో రెండోది కనిపిస్తే కొడుతోంది. అన్నీ చేపలే కదా, ఎందుకలా?"

ఆయన చెయ్యి లుంగీకి తుడుచుకుని ఆలోచించాడు. "ఎందుకో నాకూ తెలీదు. చూసి చెప్పడమే తప్ప."

ఆ జవాబు ఆవిడకు నచ్చింది. తెలీదని అంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్లు ఆసుపత్రిలో తక్కువ.

వానలు మొదలైన ఓ పొద్దున, ముందు రోజు తొట్టిలో కొంత నీళ్లు మార్చి ఉండగా, గాజుకు లోపలివైపు సగ్గుబియ్యం గింజల్లాంటి చుక్కలు అంటుకుని కనిపించాయి. మురికి అనుకుని గుడ్డ తీసింది. దగ్గరికెళ్లి ఆగిపోయింది. మీసాల చేప ఒకటి కడుపు గాజుకు ఆనించి, ఆవిడ చూస్తుండగానే ఇంకో రెండు అతికించింది.

ఫోన్‌లో చేపలాయన గొంతు పెద్దదైంది. "గుడ్లేనమ్మా! ఆ తొట్టి వాటికి నచ్చిందన్నమాట. కానీ సాయంత్రానికి ఉండవు, పెట్టినవే తినేస్తాయి."

టోకెనమ్మ పాత కార్డు ముక్కతో ఇరవై గుడ్లు మెల్లగా గీకి, తొట్టి నీళ్లే పోసిన గాజు గిన్నెలోకి దించింది. ఐదో రోజున గిన్నె అడుగున ఏదో కదిలింది. ఉత్త కంటికి ఆనలేదు. డాక్టరమ్మ లోపల పని ఆపి, పళ్లు చూసే భూతద్దాల కళ్లజోడుతోనే బయటికొచ్చి, తీసి ఆవిడ ముక్కు మీద పెట్టింది.

"కనిపిస్తున్నాయా పిన్నీ?"

"ఉండు, ఉండు... కళ్లున్నాయి. కడుపు కింద పసుపు మూట ఉంది. అమ్మో, ఈత కొడుతున్నాయే!"

మాస్టారు తన వంతు అడిగాడు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ ఆయన వెనక నిలబడింది. లోపలి కుర్చీలోంచి, నోట్లో దూది కుక్కిన మనిషి "ఊఁ ఊఁ" అంటున్నాడు.

"వస్తున్నానండీ, ఒక్క నిమిషం," అని కేకేసింది డాక్టరమ్మ, కదలకుండానే. తర్వాత గొంతు తగ్గించి, "వీటికి ఏం పెట్టాలి పిన్నీ?" అంది.

"తెలీదు," అంది టోకెనమ్మ, కళ్లజోడు తియ్యకుండానే. "కనుక్కోవాలి."