పది వేళ్లకు గుడ్డ

ఎనభైల్లో ఒక ఎండాకాలం మొదట్లో తొర్రూరులో వరంగల్ బస్సెక్కాను. సీట్లు లేవు. నా పక్కన నిలబడ్డ ముప్పై ఏళ్లామె పది వేళ్లకూ గుడ్డ చుట్టుకుంది. బస్సు ఎంత ఊగుతున్నా కడ్డీ పట్టుకోవడం లేదు.

“చేతులు కాలినయా చెల్లె?” అన్నాను.

“లేదక్కా. మా ఆయన కెనడాల ఉంటడు. నన్ను పిలిపించుకోవాల్నంటే, నేను ఆయాగ పనిచేసిన కువైట్‌ల నా మీద కేసుల్లేవని అక్కడి పోలీసులు రాసియ్యాల్నట. వేలిముద్రలు పంపితే గీతలు కనవడ్తలేవని రెండుసార్లు వాపస్ జేసిన్రు. పత్తి ఏరి ఏరి అరిగిపోయినయ్. గీతలు మళ్ళ తేలాల్నని గుడ్డ చుట్టుకున్న, పది దినాలైంది పని ముట్టక. ఇయ్యాల పోలీస్ స్టేషన్ల మళ్ళ ఇస్త.”

“మళ్ళ వాపస్ జేస్తే?”

“మళ్ళ ఇస్త.”

ఒక చేత్తో కడ్డీని, ఇంకో చేత్తో ఆమె భుజాన్ని పట్టుకుని వరంగల్ దాకా నిలబడ్డాను. దిగాక ఆమె బొటనవేలి గుడ్డ విప్పింది.

“జర చూడక్కా, కనవడ్తానయా?”

ఆ వేలిని ఎండకు తిప్పి చూశాను. గీతలు సన్నగా ఉన్నాయి, కానీ ఎక్కడా తెగలేదు.

“కనవడ్తానయ్,” అన్నాను. ఆమె మళ్లీ గుడ్డ చుట్టుకుని పోలీస్ స్టేషన్ వైపు నడిచింది.

ఆమెకు ఆ కాగితం వచ్చిందో లేదో నాకు తెలియదు. అప్పటి నుంచి ఏ ఆఫీసు నా దరఖాస్తు తిప్పి పంపినా, ఆ రోజే ఇంకో ఫారం అడిగి తెచ్చుకుంటున్నాను.